కొసరు ఊపిరి

లెక్క ప్రకారం ఒక్కో పెంగ్విన్‌కు పూటకి ఇరవై కవళ్ళ చేపలు వెయ్యాలి. పైడమ్మ వేసేది ఇరవై రెండు.

ఈ సంగతి బయటపడడానికి నెల పట్టింది. భీమిలి దారిలో సముద్రం పక్క గుట్ట మీద ఉండేది ఆ పరిశోధనశాల. దక్షిణ ధ్రువం వైపు నుంచి తెచ్చిన ఐదు పెంగ్విన్లు, వాటికోసం కట్టిన చలిగది, మూడంతస్తుల లోతున్న అద్దాల తొట్టి, కంప్యూటర్లు, చదువుకున్న కుర్రకారు. ఇంత హంగూ ఉండి, పక్షులు ఎందుకు లావెక్కుతున్నాయో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి ఆ పరిశోధన నడిపే డాక్టర్ కుముదినే రెండు స్వెట్టర్లు తొడుక్కుని చలిగదిలో ఓ మూల నిలబడి చూసింది.

"పైడమ్మా, పది అయ్యాక ఇంకొకటి వేశావు. అది లెక్క పెట్టలేదేం?"

"అది కొసరమ్మా."

"పక్షికి కొసరేమిటి?"

"పచ్చైతే ఏటి, నోరున్నాది గదా. పదికొకటి కొసరెయ్యకపోతే నాకు సెయ్యాడదు."

"మరి పుస్తకంలో ఇరవై అనే రాయించావు."

పైడమ్మ ఆవిడ వంక జాలిగా చూసింది. "కొసరుని ఎవులైనా లెక్కలో సెప్తారేటమ్మా?"

కుముదిని కోప్పడబోయి నవ్వేసింది. ఆ నెల రికార్డులన్నీ దిద్దించడానికి వారం పట్టింది. అంతటితో ఆ సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

జాలరిపేటలో పుట్టిన పైడమ్మకి చేపల గంప తప్ప వేరే బడి తెలీదు. ఈ పనిలో చేరడానికి ఒకటే కారణం: మూడేళ్ళ క్రితం ఆమె మొగుడు ఎల్లాజీ నడిపే పడవ తుఫానులో వెనక్కి రాలేదు. ఒక్కడే ఉన్నాడందులో. తోడు రావలసినవాడు జ్వరమొచ్చి ఆగిపోయాడు. అలల మీద పడవ లేదు, ఒడ్డుకి శవం రాలేదు. పేటలో పెద్దలు కర్మ చేసెయ్యమన్నారు. ఎల్లాజీ తల్లి అసిరమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"శవం సూపించండి, ఏడుత్తాను. సూపించకుండా నా కొడుకుని మీరే సంపీకండి" అంది.

దాంతో పైడమ్మ బొట్టు పెట్టుకుంటూనే ఉంది, గాజులు వేసుకుంటూనే ఉంది. పెళ్ళిళ్ళకి పిలిచేవాళ్ళు ఆమెని పిలవాలో వద్దో తేల్చుకోలేకపోయేవాళ్ళు. ఏడుద్దామంటే అత్త ఏడవనివ్వదు, ఎదురుచూద్దామంటే తన మనసే ఒప్పుకోదు. మొగుడి మీద బెంగ మాత్రం మొదటి రోజు ఎంత ఉందో అంతే ఉంది. సాయంత్రం పడవలు వచ్చే వేళకి కాళ్ళు వాటంతట అవే ఇసక మీదికి వెళ్ళేవి. అన్ని పడవలూ వచ్చాక ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది.

ఆ ఏడు వేసవిలో మరిది దానయ్య వలకి ఒక చెక్క తగిలి పైకొచ్చింది. నీలం రంగు, దాని మీద తెల్లటి అక్షరాల్లో సగం పేరు. ఎల్లాజీ స్వయంగా రాసుకున్న పేరు. పడవ ఎక్కడుందో అలా తెలిసింది. ఒడ్డుకి రెండు గంటల దూరంలో, ముప్పై అయిదు మీటర్ల లోతున, గుమ్మం రాళ్ళని జాలర్లు పిలుచుకునే రెండు బండల మధ్య సందులో. సిలిండర్లు కట్టుకున్న ఈతగాళ్ళు రెండుసార్లు దిగారు. ఆ సందు నిండా తెగిపోయిన వలలు వేలాడుతున్నాయట. వీపు మీద సామానుతో లోపల పట్టరు, పట్టినా వలకి చిక్కుకుంటారు. రెండోసారి దిగినవాడు చిక్కుకుని, కత్తితో కోసుకుని బయటపడి, ఇంకెప్పుడూ పిలవొద్దని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు పైడమ్మ కవళ్ళ బకెట్టు కింద పెట్టి, అద్దాల తొట్టి ముందు చాలాసేపు నిలబడింది. లోపల అన్నిటికంటే పెద్ద పక్షి మునిగింది. దానికి ఆమె పెద్దోడని పేరు పెట్టుకుంది. ఎంతసేపటికీ పైకి రాదే.

"ఆడు ఊపిరెక్కడ దాసుకుంటన్నాడమ్మా?" అని అడిగింది కుముదినిని.

"కండలో. మనం ఊపిరితిత్తుల్లో కాస్త పట్టుకుని దూకుతాం. వీటి కండలో ఒక ఎర్ర పదార్థముంది, అది గాలిని పట్టి ఉంచుతుంది. నీళ్ళలో దూకగానే గుండె నెమ్మదిస్తుంది. రెక్కలకీ కాళ్ళకీ రక్తం తగ్గించేస్తుంది. ఉన్న గాలంతా గుండెకీ మెదడుకీ అట్టేపెట్టి, కొంచెం కొంచెం ఖర్చు చేస్తుంది."

"మరి అయిపోతాదని ఎలా తెలుస్తాదో?"

"రెక్క ఎన్నిసార్లు కొట్టిందో దాని ఒంటికి తెలుస్తుందని మా అనుమానం. ఆ లెక్క కాగానే తిరిగిపోతుంది. ముక్కు ముందు చేప ఉన్నా సరే."

"సేపనొదిలీసా?"

"వదిలేసే."

పైడమ్మకి అది అన్నిటికంటే వింతగా తోచింది. పెద్దోడు పైకొచ్చి, గట్టెక్కి, ఏమీ జరగనట్టు ఒళ్ళు దులుపుకున్నాడు. "ఆడి ఊపిరి మనిసికొచ్చే మందు సేసినారంట గదా, అది నాకెయ్యమ్మా" అంది పైడమ్మ.

మందు అప్పటికే తయారైంది. గుండె ఆగిన మనిషి ఆస్పత్రికి చేరేదాకా మెదడు చచ్చిపోకుండా కాపాడాలన్నది కుముదిని ఇరవయ్యేళ్ళ కల. పక్షి కండలోని ఆ గుణాన్ని సూదిమందుగా మార్చి మనిషి కండకి నేర్పించింది. ఒప్పుకున్న ముగ్గురు యువకులూ రెండో వారానికే కాళ్ళు బరువెక్కుతున్నాయని మానేశారు. బాగా లోతు నీటిలో ఒక్కరైనా నిలబడి చూపిస్తే తప్ప పని ముందుకి సాగదు. అయినా పైడమ్మని మూడుసార్లు కాదంది. నాలుగోసారి కాదనలేకపోయింది. పైడమ్మకి తన మందు కావాలి, తనకి పైడమ్మ ఒళ్ళు కావాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనుకోలేదు.

పైడమ్మకి నీళ్ళు కొత్త కాదు. తండ్రి బండల దగ్గర మునిగి ఆలుచిప్పలు తీసేవాడు. కొడుకులు లేకపోవడంతో ఈడొచ్చేదాకా కూతుర్నే వెంట తీసుకెళ్ళేవాడు. పది వారాలు తొడలకి సూదులు పడ్డాయి. కాళ్ళు బరువెక్కాయి, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. కానీ తొట్టిలో మొహం మునగగానే గుండె నిమిషానికి తొమ్మిది సార్లకి దిగిపోయేది. మునిగి ఉండగలిగే సేపు నాలుగు నిమిషాలు, ఆరు, తొమ్మిదికి పెరిగింది.

"ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకో" అంది కుముదిని. "ఊపిరాడట్లేదన్న బాధ నీకిక ఉండదు. మనిషిని పైకి తెచ్చేది ఆ బాధే. అది నీలో లేకుండా చేశాం. అంచేత లెక్కే నీకు దిక్కు. నూట యాభయ్యో కాలి తన్నుకి ఎక్కడున్నా తిరిగిపోవాలి."

తొట్టిలో ఆ లెక్క కుముదిని చెప్పేది, మైకులో, నీళ్ళలోకి వినబడేలా. చీలమండకి కట్టిన పట్టీ తన్నుల్నీ గుండెనీ రాసుకునేది. నూట యాభైకి పట్టీ వణికేలా కూడా పెట్టి చూశారు. వణకగానే పైడమ్మ ఉలిక్కిపడింది, గుండె పైకి లేచింది, రెండు నిమిషాల గాలి ఒక్కసారే ఖర్చైపోయింది. వణుకు తీసేశారు. సముద్రంలో మైకు ఉండదు.

"మనసులో లెక్కపెట్టుకోగలవా?" అని అడిగింది కుముదిని.

"ముప్పై ఏళ్ళుగా అదే గదమ్మా నా పని" అంది పైడమ్మ. దాన్ని ఎవరు కాదంటారు.

మందు వల్ల ఇంకో సంగతి కూడా జరిగింది, అది పైడమ్మ ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న మొహం కడుక్కుంటే చాలు, చెంపల మీద నీళ్ళు పడగానే గుండె నెమ్మదించేది. ఒంట్లో ఏ తొందరా ఉండేది కాదు. మూడేళ్ళుగా గుండెల్లో కూర్చున్న బెంగ ఆ కాసేపూ లేచి పక్కకి వెళ్ళినట్టుండేది. మొదట హాయిగానే అనిపించింది. తర్వాత భయమేసింది. ఎల్లాజీ మీద బెంగ తప్ప ఆమెకి అతని దగ్గర్నుంచి మిగిలిందేముంది? తొందరగా మొహం తుడిచేసుకునేది. బెంగ మళ్ళీ వచ్చి దాని చోట అది కూర్చునేది.

అత్తకి మందు సంగతి తెలుసు, ఎందుకో తెలుసు. ఒక్కసారి కూడా వద్దనలేదు. పడవెక్కే రోజున మాత్రం కోడలి జుట్టు తనే బిగించి ముడేసింది.

"సూసిందే సెప్పు. సూడనిదేటీ సెప్పకు" అంది.

కార్తీకం చివర్లో, సముద్రం నూనె పోసినట్టున్న ఒక పొద్దున దానయ్య పడవ గుమ్మం రాళ్ళ మీద ఆగింది. కుముదిని ప్రాణవాయువు సీసా, దుప్పట్లు సిద్ధం చేసుకుని కూర్చుంది. సీసా మూత మూడోసారి బిగించింది. పైడమ్మ చూసి, "పెద్దోడు రోజుకి నలభై మారులు మునుగుతాడమ్మా. నాను ఒక్కపాలే గదా" అంది. పడవ అంచు వదిలేసింది.

చేపలమ్మేవాళ్ళు లెక్కలో ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అని నోటితో అనరు, ఆరున్నొక్కటి అంటారు. పైడమ్మకి ఆ లెక్కే వచ్చు. లాభం, రెండు, మూడు. చెవులు బిగిశాయి, వదిలాయి. వెలుతురు ఆకుపచ్చగా మారింది. ఇరవై అయ్యేసరికి గుండె అడుగంటా దిగిపోయింది. ఒక కొట్టుకి ఇంకో కొట్టుకి మధ్య మూడు తన్నులు పట్టేంత ఎడం వచ్చింది. యాభై. అరవై. చలి తెలుస్తోంది కానీ బాధించడం లేదు. ఏదీ బాధించడం లేదు. ఇలాగే ఉండిపోతే ఏమవుతుందన్న ఆలోచన నెమ్మదిగా వచ్చింది. ఆలోచన తప్పని కూడా అనిపించలేదు. లెక్క ఒక్కటే వదలకుండా పట్టుకుంది.

నూట పదికి బండలు కనిపించాయి. నూట ఇరవైకి సందులో దూరింది. వలలు పాతచీరల్లా వేలాడుతున్నాయి. ఒక్కొక్కటే చేత్తో పక్కకి తీస్తూ, ఒళ్ళు తిప్పుకుంటూ వెళ్ళింది. నూట ముప్పై అయిదు. రాయి తప్ప ఏమీ లేదు. నూట నలభై. అప్పుడు నీలం కనిపించింది.

పడవ పక్కకి ఒరిగి ఉంది. వెనక భాగం ఆమె వైపే ఉంది. చుక్కాని కర్రకి తాడు చుట్టి ఉంది, నైలాన్ తాడు, ఐదారు చుట్లు, జాలర్లు మాత్రమే వేసే ముడి. అలల్లో కొట్టుకుపోకుండా ఎల్లాజీ నడుముని కర్రకి కట్టేసుకున్నాడు. తాడు చుట్లు నడుమంత వెడల్పునే ఉన్నాయి. లోపల నడుము లేదు. చుట్ల మధ్య చిక్కుకుని నల్లబడిన వెండి మొలతాడు, దానికి చేప బిళ్ళ. పెళ్ళైన ఏడు పైడమ్మ తన కాళ్ళ పట్టీలు కరిగించి చేయించిన బిళ్ళ.

గుండె ఒక్కసారి లేచింది. చెవుల్లో దాని చప్పుడు వినిపించింది. చెయ్యి చాచింది, వేళ్ళకి వెండి తగిలింది. ముడి విప్పాలంటే రెండు చేతులూ కావాలి, ఎంతసేపు పడుతుందో తెలీదు. నూట నలభై తొమ్మిది. మూడేళ్ళుగా కోరుకున్నది వేళ్ళ కింద ఉంది. దాన్ని వదలడమంటే మొగుణ్ణి తన చేత్తో వదలడమే. నూట యాభై.

పైడమ్మ వదిలేసి తిరిగింది.

నీళ్ళ పై మట్టం ఇంకా రెండు నిలువులుందనగా ఆమె కాళ్ళు ఆడడం ఆగిపోయాయి. దానయ్య దూకి జుట్టు దొరకబుచ్చుకున్నాడు. పెదాలు నల్లగా ఉన్నాయి. కుముదిని ఆమె ముక్కుకి సీసా గొట్టం పెట్టి గుండెల మీద నొక్కుతూనే ఉంది. పదకొండు నిమిషాలకి పైడమ్మ కళ్ళు తెరిచింది. కుముదిని పట్టీ తీసి, పైడమ్మ వెనక్కి తిరిగిన చోట అంకె చూసింది.

"నూట అరవై అయిదు" అంది. "నూట యాభైకి తిరగమన్నాను కదా పైడమ్మా."

"నూట యాభైకే తిరిగినానమ్మా."

"లేదు. ఇందులో పదిహేను ఎక్కువుంది."

పైడమ్మ ఆకాశంకేసి చూస్తూ వేళ్ళు ఒక్కొక్కటే ముడిచింది. తర్వాత మెల్లగా అంది. "పదికొకటి."

కుముదిని పడవ బల్ల మీద కూలబడింది. తను చలిగదిలో కళ్ళారా చూసింది, రికార్డులు దిద్దించింది, నవ్వుకుంది కూడా. ఆ చేతులు చేపల్ని లెక్కపెట్టినట్టే ఆ కాళ్ళు తన్నుల్ని లెక్కపెడతాయని ఇరవయ్యేళ్ళ చదువుకి తట్టలేదు.

వారం రోజులు ఆస్పత్రిలో ఉంచారు. రక్తం అందక ఎడమ పిక్కలో కొంత కండ చచ్చిపోయింది. ఆ కాలు ఇక ఈడుస్తూనే నడవాలి. గుండెకి కూడా దెబ్బ తగిలింది. మందు ఇంకెప్పుడూ ఎక్కించకూడదు, ఎక్కించినది ఒంట్లోంచి పోవడానికి రెండేళ్ళు పడుతుంది, సముద్రంలో దిగడమన్న మాట మర్చిపోవాలి. కుముదిని ప్రయోగం ఆపేస్తున్నట్టు రాసి ఇచ్చేసింది.

పైడమ్మ చూసిందంతా చెప్పింది. కుముదిని నేల చూపులు చూస్తూ విన్నది.

"అబద్ధం చెప్పలేను పైడమ్మా. అప్పటికి నీలో గాలి దాదాపు లేదు. అలాంటప్పుడు మెదడు తను కోరుకున్నదే చూపిస్తుంది. నువ్వు చూసింది నిజమో కాదో నాకు తెలీదు."

పైడమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. సూసిందే సెప్పమంది అత్త. ఇప్పుడు ఏం చూశానని చెప్పాలి? కాలు పోయినందుకు ఆమెకి అంత బాధ లేదు. ఆ వెండి చల్లదనం ఇంకా వేళ్ళకి ఉంది. దాన్ని కూడా కల అనేస్తే ఇక ఎల్లాజీని వెతకడానికి చోటే లేదు.

రెండు రోజుల తర్వాత కుముదిని పరుగులాంటి నడకతో వచ్చింది, చేతిలో పొడుగాటి కాగితం. పట్టీ రాసుకున్న గుండె గీత అది.

"ఇది చూడు. తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది. ఇక్కడ, నూట అరవై దాటాక, ఒక్కసారే డెబ్భైకి లేచింది. గాలి అయిపోయి కలలు కనే మెదడైతే గుండె ఇంకా దిగాలి. తొట్టిలో నీకు పన్నెండుసార్లు అలాగే దిగింది, పక్షులకీ అంతే. లేవాలంటే ఒంటికి నిజంగా ఏదో తగలాలి, పట్టీ వణికినప్పుడు లేచినట్టు." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "నువ్వు చూశావు. ఇవే నిన్ను చంపబోయాయి, ఈ కాసిని కొట్టుళ్ళు. కానీ నువ్వు చూశావు."

ఆ కాగితం మడత పెట్టుకుని పైడమ్మ ఇంటికెళ్ళింది.

అసిరమ్మ గుమ్మంలో వల చిల్లులు కుడుతోంది. కోడలు కాలీడుస్తూ రావడం చూసి సూది పక్కన పెట్టింది. పైడమ్మ కాగితం నేల మీద పరిచింది.

"ఇదేటి?"

"నా గుండె, అత్తా. నీళ్ళలో ఉన్నప్పటిది."

ముసలామె గీత వెంబడి వేలు నడిపించింది. చాలా దూరం వేలు కదిలినా గీత కదల్లేదు. చివర్లో ఒక్కసారి ఎగిరింది. వేలు అక్కడ ఆగిపోయింది.

"ఇక్కడేటైంది?"

"నీ కొడుకు మొలతాడు సూసినాను. సుక్కానికి తాడేసి నడుం కట్టీసుకున్నాడు. తాడు అలాగే ఉన్నాది. మనిసి లేడు."

"సేప బిళ్ళ?"

"ఉన్నాది. ముట్టుకున్నాను. తేలేకపోనాను."

"కట్టీసుకున్నాడా ఆడు" అంది అసిరమ్మ. వేలు ఇంకా ఆ గీత మీదే ఉంది. "మనకి దొరకాలని కట్టీసుకున్నాడే."

వీధిలో ఎవరో బండి మీద ఐసు తోసుకుంటూ వెళ్ళారు. అసిరమ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచింది.

"నీళ్ళు తోడే పైడీ. తలకి పోసుకోవాల" అంది.

ఇంటి వెనక నాపరాయి మీద కూర్చోబెట్టి పైడమ్మ అత్త తల మీద నీళ్ళు పోసింది. మొదటి చెంబుకే ముసలామె ఏడుపు బయటపడింది. మూడేళ్ళు పేటంతటికీ అడ్డంగా కూర్చున్న మనిషి కొడుకు పేరు పెట్టి పిలుస్తూ నేల మీద చేతులు కొట్టుకుంది. పొరుగిళ్ళ ఆడవాళ్ళు వచ్చి గోడ దగ్గర నిలబడ్డారు. తర్వాత అసిరమ్మే లేచి, చెంబు తీసుకుని కోడలి తల మీద పోసింది.

నీళ్ళు మొహం మీదికి జారాయి. పైడమ్మ గుండె నెమ్మదించింది. ఊపిరి ఏమీ అడగలేదు. అంతా దూరంగా జరిగింది, అత్త ఏడుపు, ఆడవాళ్ళు, ఎల్లాజీ. ఆమె కళ్ళు తెరుచుకుని అలాగే కూర్చుంది.

"ఏడవ్వే" అంది అసిరమ్మ. "ఇప్పుడైనా ఏడవ్వే తల్లీ."

"రాట్లేదత్తా" అంది పైడమ్మ. "మొకం తడిస్తే నాకు రాదు."

అసిరమ్మ చెంబు పక్కన పడేసి, లోపల్నుంచి పొడి చీర తెచ్చి, కోడలి మొహం గట్టిగా తుడిచింది. నుదురు, చెంపలు, మెడ. ఊపిరి ఒక్కసారి లోపలికి వచ్చింది, గుండె లేచింది, దాంతోబాటే ఏడుపూ వచ్చింది. నుదుటి మీద బొట్టు ఆ చీరకి అంటుకుపోయిందని ఇద్దరూ చూడలేదు. కన్నీళ్ళు చెంపలు తడపగానే గుండె మళ్ళీ దిగబోయింది, గొంతులో ఏడుపు ఆగబోయింది. అసిరమ్మ మళ్ళీ తుడిచింది. తడిసినప్పుడల్లా తుడిచింది. కోడలు తనివితీరా ఏడ్చుకోవాలని, పొద్దు వాలేదాకా ఆమె మొహం తడవనివ్వకుండా తుడుస్తూనే ఉంది.